ఇంటి స్థలంలో హాబీ పనిశాల: ప్లాను పాస్ చేయించుకోవడం ఎలా

సెలవు రోజుల్లో చెక్కపని చేసుకునేవారు, పాత మోటారు సైకిళ్లను విప్పి బాగుచేసుకునేవారు, చిన్న లేత్ మీద ఇత్తడి ముక్కలు తిప్పుకునేవారు మన పట్టణాల్లో కొత్తేమీ కాదు. వీరందరికీ కావలసింది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల ఒక గది. ఆ గది కోసం చాలామంది చేసే పని ఒకటే: వెల్డింగు షాపతన్ని పిలిచి, ప్రహరీకి ఆనించి నాలుగు ఇనుప గొట్టాలు పాతించి, పైన రేకులు వేయించుకుంటారు. అనుమతి సంగతి అడిగితే, రేకుల షెడ్డుకు పర్మిషన్ ఏమిటని మేస్త్రీలే ఎదురు ప్రశ్నిస్తారు.

ఆ మాట చట్టం ముందు నిలవదు. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం భవనానికి ఇచ్చిన నిర్వచనంలో ఇల్లు, కొట్టం, గోదాము, గుడిసె, గోడ, అరుగులతో పాటు షెడ్డు కూడా ఉంది; అది ఇటుకతో కట్టినదైనా, చెక్కతోనో మట్టితోనో లోహంతోనో నిలబెట్టినదైనా భవనమే అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నగరపాలక సంస్థల చట్టాలకు కూడా ఆ చట్టమే మూలం. కాబట్టి షెడ్డుకు అనుమతి కావాలా వద్దా అన్న చర్చ అనవసరం. మీ స్థలంలో ఆ గదిని ఏ చోట నిలబెడుతున్నారు, అందులో చేసే పని ఇంటి పనిగా మిగులుతుందా అన్నవే అసలు ప్రశ్నలు. ఈ రెండింటికి సరైన జవాబు ఉంటే అనుమతి పెద్ద కష్టం కాదు. లేకపోతే ఎంత మంచి ప్లాను గీయించినా అది గట్టెక్కదు. ఇక్కడ చెప్పే క్రమం ప్రధానంగా తెలంగాణ పట్టణాలకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెప్పాను.

మొదటి మెట్టు: కొత్త కట్టడం అవసరమో కాదో తేల్చుకోవడం

ఒక కాగితం మీద మీరు ఏ యంత్రాలు పెట్టదలచుకున్నారో, ఒక్కొక్కటి ఎంత చోటు తీసుకుంటుందో, వాటి మోటార్లు ఎన్ని హార్స్ పవరో రాసుకోండి. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ పలకను బల్లరంపం మీద తోయాలంటే రంపానికి ముందు ఎనిమిది అడుగులు, వెనుక ఎనిమిది అడుగులు ఖాళీ ఉండాలి. ఈ ఒక్క లెక్క వేసుకుంటేనే పదిహేను అడుగుల లోపు గదిలో ఆ పని కుదరదని, పలకను దుకాణంలోనే కోయించి తెచ్చుకోవడం మేలని తెలిసిపోతుంది. చేతి పనిముట్లతో, ఒక చిన్న డ్రిల్లింగ్ యంత్రంతో సరిపెట్టుకునేవారికి ఇంట్లో ఇప్పటికే ఉన్న సామాన్ల గది చాలు. గోడలు, స్తంభాలు, స్లాబు కదపకుండా ఉన్న గదినే వాడుకుంటే కొత్త కట్టడం ఏదీ లేదు కనుక ప్లాను అనుమతి అవసరం రాదు.

అయితే పార్కింగ్ కోసం వదిలిన చోటుకు ఈ సౌకర్యం వర్తించదు. స్టిల్ట్‌లో, అంటే పిల్లర్ల మీద లేపిన ఇంటి కింది భాగంలో, చుట్టూ గోడలు లేపి పనిశాల చేసుకోవడం మంజూరైన ప్లానుకు విరుద్ధం. అది మీ సొంత ఇల్లే అయినా, మీకు కారే లేకపోయినా, పార్కింగ్ పార్కింగ్‌గానే మిగలాలి.

అపార్టుమెంటులో ఉండేవారు ఇంకా ముందే ఆగాలి. పై కప్పు, మెట్లగది, సెల్లారు, చుట్టూ ఉన్న ఖాళీ నేల ఇవన్నీ ఉమ్మడి ఆస్తి. సంఘం అధ్యక్షుడు నోటిమాటగా సరేనన్నా అది హక్కు కాదు. మంజూరైన ప్లానులో లేని గదికి అందరూ సంతకాలు పెట్టి ఇచ్చినా నగరపాలక సంస్థ దృష్టిలో విలువ రాదు. ఫ్లాటులో ఉంటూ పెద్ద యంత్రాల సరదా ఉన్నవారికి, ఊరి చివర వడ్రంగి దుకాణంలో ఒక మూల అద్దెకు తీసుకోవడమే నాకు తెలిసిన మంచి దారి.

రెండో మెట్టు: మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో తెలుసుకోవడం

ఒకే వీధిలో ఎడమవైపు ఇళ్లు ఒక సంస్థ కింద, కుడివైపు ఇళ్లు మరొక సంస్థ కింద ఉండడం హైదరాబాద్ చుట్టుపక్కల మామూలే. నగరపాలక సంస్థ, పురపాలక సంఘం, గ్రామ పంచాయతీ, హెచ్‌ఎండీఏ వంటి పట్టణాభివృద్ధి సంస్థ, సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు — వీటిలో మీ దరఖాస్తు ఎవరికి వెళ్లాలో ఇంటి పన్ను రసీదు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కంటోన్మెంటులో 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం, బోర్డు సొంత నియమాలు నడుస్తాయి కనుక ఇకపై చెప్పే కొలతలు అక్కడివారికి పనికిరావు.

మాస్టర్ ప్లానులో మీ స్థలం నివాస ప్రాంతంలో ఉందో లేదో కూడా ఈ దశలోనే చూసుకోండి. వ్యవసాయ భూమిలో ఫామ్‌హౌస్ పక్కన పనిశాల కట్టుకోవాలనుకునేవారు ముందుగా ఆ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్పించుకోవాలి. చెరువు దగ్గరలో ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి: పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి భవన నియమాలు చెబుతున్నాయి. ఆ హద్దు లోపల రేకుల షెడ్డు కూడా పనికిరాదు. చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ 2024లో ఏర్పడిన తరువాత ఈ సంగతి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

మూడో మెట్టు: కాగితాలు

సేల్ డీడ్, దానికి ముందున్న లింకు దస్తావేజులు, తాజా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే పత్రం), మీ పేరు మీదకు మారిన ఇంటి పన్ను రసీదు, ఇల్లు కట్టినప్పుడు మంజూరైన ప్లాను, ఆ మంజూరు ఉత్తర్వు ప్రతి — వీటిని ఒకచోట చేర్చుకోండి. లేఅవుట్ అనుమతి లేని ప్లాటైతే క్రమబద్ధీకరణ ఉత్తర్వు కూడా ఉండాలి. తెలంగాణలో 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు ప్రకటించిన ఎల్‌ఆర్‌ఎస్‌లో, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో, దరఖాస్తు మాత్రమే చేసి, రుసుము పూర్తిగా కట్టకుండా ఉన్నవారు ముందు దాన్ని ముగించుకుంటేనే భవన దరఖాస్తు సాఫీగా నడుస్తుంది.

తండ్రిగారి పేరు మీదో, అన్నదమ్ముల ఉమ్మడి పేర్ల మీదో ఇల్లు ఉంటే, దరఖాస్తు హక్కుదారులందరి పేర్ల మీద వెళ్లాలి. పెరట్లో ఒక గది కోసం ఇంత అవసరమా అనిపించవచ్చు గాని, రేపు ఎవరో ఒకరు ఫిర్యాదు చేసినప్పుడు అధికారులు మొదట చూసేది ఈ సంతకాలనే.

నాలుగో మెట్టు: గది ఎక్కడ నిలబడవచ్చో కొలుచుకోవడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసినది ఇక్కడే. తెలంగాణలో 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 ద్వారా వచ్చిన భవన నియమాలు, ఆంధ్రప్రదేశ్‌లో 2017 మార్చి నాటి జీవో 119 ద్వారా వచ్చిన నియమాలు ఆధారం. రెండింటిలోనూ స్థలం విస్తీర్ణాన్ని బట్టి, ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి, ఇంటి ఎత్తును బట్టి నాలుగు పక్కలా ఎంత ఖాళీ వదలాలో పట్టిక ఉంటుంది. మన వాడుకలో దీన్ని సెట్‌బ్యాక్ అంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు తెలంగాణ పట్టికను చూసి కొలుచుకోకూడదు. 2017 పట్టికనే తెరిచి చూడాలి.

మనం గజాల్లో మాట్లాడతాం, నియమాలు చదరపు మీటర్లలో మాట్లాడతాయి. ఒక గజం 0.836 చదరపు మీటర్లు. ఈ లెక్కన 200 గజాలు సుమారు 167 చదరపు మీటర్లు, 240 గజాలు 200 చదరపు మీటర్లకు కొద్దిగా ఎక్కువ. ఆ కొద్ది తేడాతోనే పట్టికలో మీ వరుస మారిపోతుంది. తెలంగాణ నియమాల ప్రకారం, ఎదుట 12 మీటర్ల లోపు రోడ్డు ఉన్న ఇంటికి, 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు వదలాలి. 200 నుంచి 300 మధ్యలో ఉంటే ముందు 2 మీటర్లు. మిగతా పక్కల్లో ఇంటి ఎత్తు 7 మీటర్ల లోపైతే ఒక మీటరు, 10 మీటర్ల వరకు ఉంటే మీటరున్నర. దస్తావేజులో రాసిన కొలతలకు, నేల మీద టేపు పెట్టి కొలిచిన కొలతలకు తేడా వస్తే తక్కువగా ఉన్నదాన్నే తీసుకోండి. ఎదుటి రోడ్డును మాస్టర్ ప్లానులో వెడల్పు చేయాలని గీసి ఉంటే, ఆ గీత వరకు మీ స్థలం పోయిందనుకుని, అక్కడి నుంచి ముందు ఖాళీని లెక్కపెట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల 200 గజాల స్థలం ఉందనుకోండి. ముందు సుమారు 5 అడుగులు, వెనుక, పక్కల 3 అడుగుల 3 అంగుళాలు వదిలితే కట్టుకోదగిన చోటు 29 అడుగుల వెడల్పు, 41 అడుగుల పొడవు మిగులుతుంది. ఇందులో పాత ఇల్లు 28 అడుగుల వెడల్పున 30 అడుగుల పొడవు వరకే ఉంటే, ఇంటి వెనుక గోడకు ఆనించి 11 అడుగుల లోతు గల గది కట్టుకోవచ్చు. అంటే మీరు కోరుకున్న పదీ పన్నెండూ గది నియమాల లోపలే వస్తుంది. కానీ ఇల్లు ఇప్పటికే వెనుక ఖాళీ దాకా నిండి ఉంటే, మిగిలిన మీటరు సందులో ఏదీ కట్టడానికి వీలుండదు.

మన ఇళ్లలో ఎక్కువ గొడవ వచ్చేది నైరుతి మూలతో. బరువు నైరుతిలో ఉండాలని వాస్తు చెబుతుందని, యంత్రాల గదిని సరిగ్గా ఆ మూలన, రెండు ప్రహరీ గోడలకు ఆనించి వేయిస్తారు. రెండు పక్కల సెట్‌బ్యాక్‌లూ కలిసే చోటు అదే. వాస్తు పాటించేవారు తమ నైరుతిని ప్రహరీ నుంచి లెక్కపెట్టకుండా కట్టడం లోపలి గీత నుంచి లెక్కపెట్టుకుంటే రెండు శాస్త్రాలకూ పేచీ ఉండదు.

ఇంటికి దూరంగా విడి గదిగా కట్టాలా, ఇంటి గోడకు ఆనించి కట్టాలా అన్నది మరో ప్రశ్న. శబ్దం, ధూళి దృష్ట్యా విడి గది మంచిదే. కానీ చిన్న స్థలాల్లో రెండు కట్టడాల మధ్య వదలవలసిన ఖాళీ కూడా చేరి, గదికి చోటే మిగలదు. ఆనించి కట్టి, ఇంట్లోకి తలుపు పెట్టకుండా బయటి నుంచే ద్వారం పెట్టుకుంటే ప్లాను గీయించడం తేలిక, ధూళి ఇంట్లోకి రాదు.

మేడమీద గది వేసుకోవాలనుకుంటే మూడు సంగతులు కలుస్తాయి. పై కప్పు మీద రేకులు వేసినా అది అదనపు కట్టడమే, దానితో ఇంటి ఎత్తు పెరుగుతుంది, ఎత్తు పెరిగితే పక్క ఖాళీల లెక్క మారవచ్చు. రెండోది, పాత స్తంభాలు ఆ బరువును, యంత్రాల అదురును మోయగలవని స్ట్రక్చరల్ ఇంజినీరు రాసివ్వాలి. మూడోది కరెంటు తీగలు: ఇంటి పక్కన వెళ్లే మామూలు లో టెన్షన్ తీగకు కట్టడం అడ్డంగా 1.2 మీటర్ల దూరంలో, నిలువుగా 2.5 మీటర్ల దూరంలో ఉండాలి. 11 కేవీ తీగ అయితే అడ్డంగా అంతే గాని నిలువుగా 3.7 మీటర్లు కావాలి. మేడ మీద పొడవాటి ఇనుప కడ్డీలు పట్టుకుని తిరిగేవారికి ఈ దూరాలు ప్రాణం కాపాడే కొలతలు.

పెరట్లో పెద్ద చెట్టు అడ్డుగా ఉంటే ముందే కొట్టించేయకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో చేసిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి విడిగా అనుమతి అడగాలి. వీలైతే గదినే కాస్త జరపడం మేలు.

ఐదో మెట్టు: పాత ఇంటి లోపాలను ముందే చూసుకోవడం

కొత్త గదికి దరఖాస్తు పెట్టినప్పుడు అధికారులు ఆ గదిని ఒక్కదాన్నే చూడరు. స్థలం మొత్తాన్ని, ఇప్పుడున్న ఇంటిని, మంజూరైన పాత ప్లానును పక్కపక్కన పెట్టి చూస్తారు. ముప్పై ఏళ్ల కిందట ప్లానులో ఒకటి గీయించి నేల మీద ఇంకొకటి కట్టడం మన దగ్గర అరుదు కాదు. పక్క సందులో వేసిన స్నానాలగది, ముందు ఖాళీలోకి జరిగిన వరండా, ప్లానులో లేని మెట్లు ఇవన్నీ అప్పుడు బయటపడతాయి. తెలంగాణలో 2015లో అక్రమ భవనాల క్రమబద్ధీకరణకు ప్రకటించిన అవకాశం ఆ ఏడాది అక్టోబరు 28 నాటికే ఉన్న కట్టడాలకు పరిమితం. ఇప్పుడు కట్టబోయే గదికి దాని నీడ కూడా సోకదు.

అందుకే దరఖాస్తుకు ముందే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడిచేత, ఆఫీసుల్లో అందరూ ఎల్‌టీపీ అని పిలిచే వ్యక్తిచేత, ఇంటిని ఉన్నది ఉన్నట్లు కొలిపించి ఒక డ్రాయింగు గీయించుకోండి. పాత ప్లానుతో సరిపోల్చి, తొలగించదగిన రేకులు, అడ్డుగోడలు ఉంటే తీసేసి ఆ తరువాతే ముందుకు వెళ్లండి. తొలగించలేని పెద్ద తేడాలు ఉంటే, ఇప్పుడున్న గదుల్లో ఒకదాన్ని పనిశాలగా వాడుకోవడమే వివేకం.

ఆరో మెట్టు: ప్లాను గీయించడం, దరఖాస్తు పెట్టడం

డ్రాయింగులో కొత్త గదిని ఇంటిలో భాగంగా, నివాస వినియోగం కిందే చూపించాలి. హాబీ గది అని గానీ, పనిముట్ల గది అని గానీ రాయించడం సరిపోతుంది. పరిశ్రమ అనిపించే పేరు పెడితే దరఖాస్తు మరో వరుసలోకి పోయి, మీకు అక్కరలేని ప్రశ్నలు వస్తాయి. అలాగని వంటగది అనో పడకగది అనో అబద్ధం రాయించకండి. కిటికీలు, గాలి బయటికి తోసే ఫ్యాను, తలుపు వెడల్పు ముందే గీయించుకోండి. మూడడుగుల తలుపు పెట్టి ఆ తరువాత లేత్ లోపలికి పట్టక గోడ పగలగొట్టినవారు ఉన్నారు. రేకుల కప్పు నీళ్లు పొరుగింటి వైపు పడకుండా వాలు మీ స్థలం లోపలికే ఉండాలి. ఇంకుడు గుంత చోటును డ్రాయింగులో చూపించాలి, దాని మీద గది రాకూడదు.

తెలంగాణలో భవన అనుమతుల కోసం చేసిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ఆ ఏడాది నవంబరు 16 నుంచి ఆన్‌లైన్‌లో అమలులోకి వచ్చింది. 2025 నుంచి ఈ దరఖాస్తులు బిల్డ్‌నౌ అనే కొత్త వేదిక మీదకు మారుతూ వచ్చాయి. వేదిక మారినా ఆ చట్టం పెట్టిన వరుసలు తెలుసుకోవడం అవసరం. 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు లోపు, అంటే కింద ఒకటి పైన ఒకటి అంతస్తుల ఇంటికి అనుమతి అక్కరలేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 75 గజాలు దాటి 600 గజాల వరకు, అంటే 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి ఏకగవాక్ష పద్ధతిలో 21 రోజుల గడువు ఉంది. హాబీ పనిశాల కోరుకునేవారిలో దాదాపు అందరూ రెండో వరుసలోకే వస్తారు.

దరఖాస్తులో కొత్త ఇల్లు అని కాకుండా, ఉన్న ఇంటికి చేర్పులు మార్పులు అనే రకాన్ని ఎంచుకోవాలి. దస్తావేజులు, పాత మంజూరు ప్లాను, కంప్యూటరు పరిశీలనకు అనువుగా తయారుచేసిన డ్రాయింగు, స్థలం ఫొటోలు, హామీ పత్రం జతచేసి, వచ్చిన లెక్క ప్రకారం రుసుము కట్టాలి. 200 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లోనూ, 7 మీటర్ల ఎత్తు దాటిన ఇళ్లకూ కట్టడం విస్తీర్ణంలో పది శాతాన్ని నగరపాలక సంస్థకు తనఖా పెట్టమంటారు; పని ప్లాను ప్రకారం ముగిసిన తరువాత అది విడుదలవుతుంది.

వెంటనే అనుమతి వచ్చిందంటే పరిశీలన అయిపోయిందని కాదు. స్వీయ ధ్రువీకరణ అంటే మీ సంతకమే ఇంజినీరు తనిఖీ చేసే పనిని చేసింది. అధికారులు ఆ తరువాత వచ్చి చూస్తారు. మీరు చెప్పిన కొలతలు అబద్ధమని తేలితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం చట్టం వారికి ఇచ్చింది. కాబట్టి ఎల్‌టీపీ ఎంత నమ్మకస్తుడైనా, డ్రాయింగులోని ప్రతి కొలతను మీరే టేపు పట్టుకుని సరిచూసుకున్న తరువాతే సంతకం పెట్టండి. ఆరు అంగుళాలే కదా అని అతను అంటే, ఆ ఆరు అంగుళాలకు బాధ్యత సంతకం పెట్టినవారిదని గుర్తు పెట్టుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా భవన దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే ఎల్‌టీపీ ద్వారా వెళ్తాయి, 2025లో అక్కడా స్వీయ ధ్రువీకరణ పథకం వచ్చింది. గ్రామ పంచాయతీ పరిధిలో ఉన్నవారు పంచాయతీ కార్యదర్శి దగ్గర మొదలుపెట్టాలి. నోటిమాట మీద కాకుండా, తీర్మానం సంఖ్యతో రాతపూర్వకమైన అనుమతి చేతికి వచ్చాకే పునాది తవ్వండి.

అభిరుచి ఎక్కడ ఆగుతుంది

అనుమతి గదికి వస్తుంది, వ్యాపారానికి రాదు. మీ ఇంటికి కుర్చీ చేసుకోవడం, బావగారి కొడుకు పెళ్లికి పీట చేసి ఇవ్వడం ఇంటి పనే. కానీ బోర్డు పెట్టి, ఆర్డర్లు తీసుకుని, ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్న రోజున అది వ్యాపారం. అప్పుడు ట్రేడ్ లైసెన్సు కావాలి, నివాస ప్రాంతంలో ఆ పని చేయవచ్చో లేదో చూడాలి, కరెంటు కనెక్షను రకం మారాలి. ఈ మార్పు ఒక్కరోజులో రాదు, మెల్లగా వస్తుంది. అందుకే పట్టుబడేది కూడా ఎక్కువగా మంచి పనివాళ్లే.

చెక్కపని చేసేవారికి ఇంకో గీత ఉంది. కొట్టిన చెట్టు దుంగలను ఇంట్లో బ్యాండ్ రంపం మీద పలకలుగా కోయడం సామిల్లు పని కిందకు రావచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 1969లో చేసిన సామిల్లుల నియంత్రణ నియమాలు దానికి అటవీ శాఖ లైసెన్సు కోరుతాయి. టింబరు డిపోలో కోసిన చెక్కను బిల్లుతో కొనండి, ఆ బిల్లులను ఒక ఫైలులో పెట్టుకోండి. టేకు విషయంలో ఈ అలవాటు మరీ అవసరం.

కరెంటు

హాబీ పనిశాలకు మీ గృహ కనెక్షనే వాడుకోవచ్చు, కానీ మంజూరైన లోడు ఎంతో పాత బిల్లు మీద చూడండి. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. రెండు హార్స్ పవర్ల రంపం, ధూళి పీల్చే యంత్రం, ఇంట్లో ఏసీ కలిసి నడిస్తే చాలా ఇళ్ల మంజూరైన లోడు దాటిపోతుంది. అదనపు లోడుకు విద్యుత్ పంపిణీ సంస్థకు ముందుగా దరఖాస్తు పెట్టుకోండి, పెద్ద మోటార్లుంటే త్రీ ఫేజ్ అడగండి. గృహ మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద వర్తించే ధరకు రెట్టింపు లెక్కకట్టి వసూలు చేస్తారు.

గదికి విడిగా ఒక ఎంసీబీ పెట్టె (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చులు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేది), సరైన ఎర్తింగు ఉండాలి. ఇవి ప్లానులో ఎవరూ అడగరు. అయినా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుచేతే చేయించండి.

పొరుగువారు, శబ్దం

చట్టం పొరుగువారి ఒప్పుదల అడగదు. కానీ పట్టణ ప్రణాళిక విభాగానికి వచ్చే ఫిర్యాదులు ఆకాశం నుంచి ఊడిపడవు, పక్కింటి నుంచే వస్తాయి. ప్లాను చేతికి వచ్చాక దాన్ని తీసుకెళ్లి, వెనుకింటివారికి, పక్కింటివారికి చూపించి, గది ఎంత ఎత్తు, కిటికీ ఎటువైపు, ఏ వేళల్లో పని చేస్తారు అన్నది చెప్పండి. వారి పడకగది గోడ ఏ వైపు ఉందో తెలుసుకుని కిటికీని ఇంకోవైపు పెట్టించగలిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు పరిమితి. చిత్రిక యంత్రం, గుండ్రటి రంపం దగ్గర నిలబడితే శబ్దం 90 డెసిబెళ్లు దాటుతుంది కనుక, రేకుల గోడలతో ఈ పరిమితి లోపల ఉండడం అసాధ్యం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, సందులు లేని బరువైన తలుపు, కప్పు కింద ఒక పొర దూది లాంటి రాక్‌వుల్, మోటారు కాళ్ల కింద రబ్బరు ఉంటే చాలా తేడా వస్తుంది. శబ్దం వచ్చే కోతలను ఉదయం పదికి, సాయంత్రం ఆరుకు మధ్య పెట్టుకుని, ఇసుక కాగితం పట్టడం, పాలిష్ వేయడం వంటివి మిగతా వేళల్లో చేసుకోండి. పరీక్షల నెలల్లో పక్కింట్లో పదో తరగతి పిల్లలుంటే ఏ డెసిబెళ్ల లెక్కా మిమ్మల్ని కాపాడదు.

కట్టేటప్పుడు, కట్టిన తరువాత

మంజూరు ఉత్తర్వులో పని మొదలుపెట్టడానికి, ముగించడానికి గడువులు రాసి ఉంటాయి. వాటిని గుర్తు పెట్టుకోండి. మంజూరైన ప్లాను ప్రతిని పని జరిగే చోట ఉంచండి. ముగ్గు పోసే రోజున మీరు తప్పకుండా అక్కడ ఉండి, ప్రహరీ లోపలి అంచు నుంచి పునాది అంచు దాకా కాకుండా, మీ స్థలం హద్దు నుంచి గోడ బయటి అంచు దాకా ఖాళీని కొలిపించండి. గోడకు సిమెంటు పూత పడ్డాక ఒక అంగుళం తగ్గుతుందని మేస్త్రీకి ముందే చెప్పాలి. మధ్యలో మనసు మారి గదిని పెంచాలనిపిస్తే, పని ఆపి సవరించిన ప్లాను పెట్టుకోవాలి తప్ప, ముందు కట్టేసి ఆ తరువాత చూద్దాం అనుకోకూడదు.

నోటీసు వస్తే దాన్ని పక్కన పడేయకండి. అందులో జవాబుకు గడువు ఉంటుంది. ఆ గడువులోపు మంజూరు సంఖ్య, ప్లాను ప్రతి, నాలుగు వైపుల నుంచి టేపు కనబడేలా తీసిన ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. ఫోనులో మాట్లాడి సర్దుకున్నాం అనుకునేవారి ఫైలులో వారి జవాబు ఉండదు, నోటీసు మాత్రం ఉంటుంది.

పని ముగిశాక పూర్తయినట్లు తెలిపి, మీ స్థలానికి వర్తిస్తే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం, తీసుకోండి. వంద చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల లోపు సొంత ఇళ్లకు 2012 నియమాలు ఈ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చాయి. తనఖా పెట్టి ఉంటే విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. ఆ తరువాత పెరిగిన విస్తీర్ణాన్ని ఇంటి పన్నులో చేర్పించాలి. అనుమతి లేని గదికి కూడా పన్ను వేస్తారు, పైగా జరిమానా కలిపి వేస్తారు. ఆ రసీదు చూపించి గది సక్రమమైందని వాదించడానికి వీలుండదు. అందుకే పన్ను సవరణ దరఖాస్తుకు మంజూరు ఉత్తర్వు ప్రతిని జతచేసి ఇవ్వండి, ఇంటికి అగ్నిప్రమాద బీమా ఉంటే ఆ కంపెనీకి కూడా కొత్త గది సంగతి, అందులో పెట్టిన యంత్రాల జాబితా రాసి పంపండి.